శామీర్‌పేటలో స్వరూప ఫైలు

హైదరాబాదు వెళ్ళి వచ్చానని తెలియగానే మా గోదావరి జిల్లా రామచంద్రపురంలో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, చార్మినార్ చూశావా అని. చూడలేదు. గోల్కొండా చూడలేదు. సికింద్రాబాదు దాటాక మేడ్చల్ రోడ్డు ఒకవైపు, కరీంనగర్ రోడ్డు ఒకవైపు చీలిపోతాయి. ఆ రెండు రోడ్ల పక్కనున్న కొన్ని వీధులు, ఒక చెరువు, పది ఇళ్ళు చూసి వచ్చాను. అవి చూడటానికి ఎవరూ టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళరు. అందుకే రాస్తున్నాను.

వెళ్ళింది విహారానికి కాదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ముప్పై ఒకటో ఏట, వికలాంగుల పునరావాసంలో పీజీ చదువుకు చేరాను. రెండో ఏడాదిలో ఆరు రోజులు ఇళ్ళకు వెళ్ళి, వైకల్యం ఉన్నవాళ్ళతో పనిచేసి, ఏడో రోజు పరీక్షకుల ముందు నిలబడి చెప్పాలి. అది లేకపోతే డిగ్రీ లేదు.

ఇంకొక సంగతి కూడా ముందే చెప్పేస్తాను. మూడో ఏట నాకు పోలియో వచ్చింది. కుడికాలికి తుంటి దాకా ఇనుప క్యాలిపర్, చేతిలో కర్ర. నేను నడిస్తే ముందు చప్పుడు వస్తుంది, తర్వాత నేను వస్తాను.

సుచిత్ర

మా శిక్షణ కేంద్రం సుచిత్ర కూడలి వెనక వీధిలో ఒక అద్దె భవనం. కూడలిలో ఒకవైపు లారీలు, ఒకవైపు కొత్తగా లేస్తున్న అపార్టుమెంట్లు, మధ్యలో ప్రాణం అరచేతిలో పెట్టుకుని రోడ్డు దాటే జనం. నాకోసం ఎవరూ ఆగలేదు. ఒకామె మాత్రం కూరగాయల సంచీ ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచేయి లారీకేసి చాచి, నా పక్కనే నడిచి నన్ను అవతల వదిలేసి వెళ్ళిపోయింది. పేరు కూడా చెప్పలేదు.

మేం పదకొండు మందిమి. మా పర్యవేక్షకులు రాఘవరావు గారు చీటీ చదువుతూ ఎవరెవరు ఏ ఊరో చెప్పారు. పది పేర్లు చదివి కాగితం మడిచేశారు. నా సంగతి అడిగితే, నేను కేంద్రంలోనే కూర్చుని పాత ఫైళ్ళు సరిచూస్తే చాలన్నారు. మార్కులకు లోటు రానివ్వనని మాట కూడా ఇచ్చారు.

“మీ మంచికే చెబుతున్నానమ్మా. ఎండ, దుమ్ము, బస్సులు. మీకెందుకా యాతన?”

ఆయన గొంతులో చెడ్డతనం లేదు. నా చిన్నప్పుడు బళ్ళో చేర్చుకోనన్న హెడ్మాస్టరు గొంతులోనూ లేదు. మంచితనంతోనే నన్ను బెంచీ మీద కూర్చోబెట్టినవాళ్ళు నా జీవితంలో చాలామంది ఉన్నారు.

“అయితే వరలక్ష్మి నడవలేదు కాబట్టి పంపలేదు అని రాసి సంతకం పెట్టివ్వండి సార్. అది పట్టుకుని యూనివర్సిటీకి వెళ్తాను,” అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత మూడు ఊళ్ళ పేర్లు రాసిచ్చారు. మచ్చబొల్లారం, మేడ్చల్, శామీర్‌పేట. అందరికీ పన్నెండు ఇళ్ళు కాబట్టి నాకూ పన్నెండే అన్నారు. ఒక్కటి తగ్గినా అసంపూర్తి అని రాస్తానన్నారు. రాయండి అన్నాను. బయటికొచ్చి, ఎదురుగా ఇరానీ హోటల్లో రెండు రూపాయల చాయ్ తాగాను. మా వైపు టీ అంత చిక్కగా, అంత తియ్యగా ఉండదు. అందులో ఉప్పు బిస్కెట్టు ముంచుకుని తింటారని ఆ పూటే తెలిసింది. నేను ముంచితే సగం చాయ్‌లో పడిపోయింది.

మచ్చబొల్లారం

బస మచ్చబొల్లారంలో, నాకు పిన్ని వరసయ్యే సుందరి గారింట్లో. బాబాయి బ్యాంకు ఉద్యోగి. ఆ కాలనీలో ఒక వరస అంతా గోదావరి, కృష్ణా జిల్లాలవాళ్ళే. పిన్ని వచ్చి ఎనిమిదేళ్ళయినా కొబ్బరికాయలు ఇంకా ఊరి నుంచే బస్తాలో తెప్పించుకుంటుంది. కొట్లో ఉల్లిపాయలు అడుగుతుంది. కొట్టాయన “ఉల్లిగడ్డనా?” అంటాడు. ఎనిమిదేళ్ళుగా రోజూ ఇదే. ఎవరూ తగ్గరు.

నేనెందుకు ఇలా ఇల్లిల్లూ తిరగాలో పిన్నికి అర్థం కాలేదు. కూర్చుని చేసుకునే ఉద్యోగం ఏదైనా బాబాయి చూస్తాడంది. నేను పులుసు అన్నం తింటూ వినిపించుకోనట్టే ఉన్నాను.

మొదటి రోజు మూడిళ్ళు. వాటిలో మరిచిపోలేనిది ఇస్త్రీ బండి అంజయ్యది. పుట్టుకతో చెవుడు, మాట లేదు. సంజ్ఞల భాష మాకు పుస్తకంలోని బొమ్మలు చూపించి నేర్పారు. నేను చాలా శ్రద్ధగా వేళ్ళు కూర్చుకుని ‘మీ పేరేమిటి’ అని అడిగాను. అంజయ్య ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. నేను ఏం అడిగానో ఇప్పటికీ తెలియదు.

తర్వాత ఆయనే నాకు పాఠం మొదలుపెట్టాడు. ఆ కాలనీలో అందరికీ ఆయన పెట్టిన పేర్లున్నాయి, అన్నీ బట్టల్ని బట్టే. మా పిన్ని పేరు గంజి. వేళ్ళ కొసలు రాసి చూపిస్తాడు. బాబాయి పేరు ప్యాంటు మడత. చూపుడువేలితో గాల్లో నిలువుగా ఒక గీత గీస్తాడు. నాకూ ఒకటి పెట్టాడు. పిడికిలితో ఎడమ అరచేతిని రెండుసార్లు తట్టడం. అంటే నా కర్ర. బళ్ళో పిల్లలు నా నడకను అనుకరించినప్పుడు ఏడ్చిన రోజులున్నాయి. అంజయ్య చేతుల్లో అది వెక్కిరింతలా లేదు. గంజి లాగా, ప్యాంటు మడత లాగా, ఒక పేరు. సాయంత్రం నేను ఆ దారిన పోతుంటే అవతలి వీధి నుంచి ఎవరినో పిలిచి, నన్ను చూపించి, అరచేతిని రెండుసార్లు తట్టాడు.

మేడ్చల్

రెండో రోజు మేడ్చల్ బస్సులో క్యాలిపర్ మోకాలి దగ్గరి బోల్టు ఊడిపోయింది. అది ఊడితే కాలు నిలవదు. సీట్ల కింద నాతోపాటు ఆరుగురు వెతికారు. దొరకలేదు. ఒక ముసలాయన నా క్యాలిపర్‌ను చూసి, ఇది ట్రాక్టరు సామాను లాగుంది, వెల్డింగు షాపుకే పోవాలని తేల్చాడు. మేడ్చల్ బస్టాండులో దిగి, కాలిని చేత్తో పట్టుకుని, పక్కనే ఉన్న వెల్డింగు షాపు దాకా ఎలా పోయానో నాకే తెలుసు.

షాపాయన పేరు యూసుఫ్. క్యాలిపర్ విప్పించుకుని చేతిలో పెట్టుకుని తూచినట్టు చూశాడు.

“గిదెవలు జేసిన్రమ్మా? ఉత్తగ బరువు పెట్టిన్రు. ఆడమనిషి కాలికి గింత ఇనుమెందుకు?”

ఇరవై ఏళ్ళుగా పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో ఎవరూ అడగని ప్రశ్న అది. వేరే బోల్టు వేసి సైకిలు నట్టుతో బిగించి, పనికిరాని రెండు పట్టీలు కోసేసి, అంచులు ఆకురాయితో నునుపు చేసి ఇచ్చాడు. తొడుక్కుని నడిచి చూస్తే కాలు నాదేనా అనిపించింది. పది రూపాయలు తీసుకున్నాడు. కొలత తీసుకోవడం గురించి మాకు ఒక పూర్తి పేపరు ఉంది. యూసుఫ్ ముందు అది గుర్తొచ్చి సిగ్గేసింది.

మేడ్చల్‌లో రెండు రోజులు, అయిదిళ్ళు. అక్కడ నాకు నచ్చిన సంగతి ఒకటుంది. మా గోదావరి వైపు ‘అండీ’ లేకుండా మాట రాదు. ఎంతో మర్యాదగా నా కాలు చూసి, మర్యాదగా చూపు తిప్పుకుని, నేను వెళ్ళాక పక్కింటివాళ్ళను అడుగుతారు. మేడ్చల్‌లో తలుపు తీసిన ప్రతి మనిషీ కూర్చోమని చెప్పకముందే అడిగారు, కాలికి ఏమైందని. చెప్పాను. అయ్యో అని ఒక్క మాట అన్నారు, అయిపోయింది. ఆ తర్వాత నా కాలు గదిలో లేదు. నేనున్నాను. ‘నువ్వు’ అని పిలిచారని మొదటి ఇంట్లో నొచ్చుకున్నాను. రెండో ఇంటికి వచ్చేసరికి ఆ సంగతే మరిచిపోయాను.

ఒక ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టారు. పులుసును పొయ్యి మీద పెట్టకుండానే తింటారని నాకు తెలియదు. చింతపండు రసంలో ఉల్లిగడ్డ, పచ్చిమిరప పిసికి పోసేశారు. మా అమ్మ చూస్తే, కాచడం మరిచిపోయారనుకుంటుంది. మూడోసారి అడిగి పోయించుకున్నాను. చివర్లో గ్లాసెడు సల్ల ఇచ్చారు. మజ్జిగేనని తాగాక తెలిసింది.

శామీర్‌పేట, మొదటి రోజు

కరీంనగర్ రోడ్డు మీద శామీర్‌పేట దగ్గర పడుతుంటే గాలి మారుతుంది. ఎడమవైపు చెరువు, కట్ట, ఆదివారం వస్తే జింకల పార్కుకు పిల్లలతో వచ్చే జనం. కట్ట దగ్గర రోడ్డు పక్కన చేపలు వేయించి అమ్మే బళ్ళు వరసగా ఉంటాయి. మా వైపు చేపంటే పులుసు. మట్టిపాత్రలో పెట్టి మర్నాడు తినాలి. ఇక్కడ కారం, అల్లం, వెల్లుల్లి దట్టంగా పట్టించి, మరిగే నూనెలో వేసి, నోరు కాలుతుండగానే తింటారు. పాత పేపరు ముక్కలో పెట్టి, మీద నిమ్మకాయ పిండి ఇస్తారు.

నా చీటీలో ఉన్న నర్సమ్మ బండి ఆ వరసలో మూడోది. ఆమె భర్త మేడ్చల్‌లో ఒక కంపెనీలో హమాలీ, పొద్దున పోతే రాత్రికి గానీ రాడు. కూతురు స్వరూపకు పద్దెనిమిదేళ్ళు. బండి పక్కన గోనెసంచి మీద, గోడకు ఆనుకుని కూర్చుంది. పుట్టేటప్పుడు మెదడుకు దెబ్బ తగిలినందువల్ల కాళ్ళు, చేతులు, నాలుక చెప్పినట్టు వినవు. ఒక మాట బయటికి రావడానికి ఒళ్ళంతా కదలాలి. ఇలాంటివాళ్ళలో చాలామంది తెలివికి ఏ లోటూ ఉండదని మాకు మొదటి నెలలోనే చెప్పారు. చెప్పారు గానీ, నా చేతిలో ఉన్న ఫైలు వేరే చెబుతోంది. ఏటా ఒక విద్యార్థి చొప్పున అయిదుగురు వచ్చి వెళ్ళారు. అయిదుగురూ ఒకే మాట రాశారు. తీవ్ర బుద్ధిమాంద్యం.

నేను సంచీ విప్పి రంగు బిళ్ళలు, బొమ్మల అట్టలు బయట పెట్టాను. నర్సమ్మ పెనంలో చేప తిప్పుతూ నాకేసి చూడకుండానే మాట్లాడింది.

“గీ బిళ్ళలు మళ్ళ తెచ్చినవా? అడుగు. రాసుకో. పో. ఏటా ఒకరు వస్తరు, గిట్లనే రాసుకపోతరు. ఆ కాయితం ఏమైతదో మాకు ఎర్కలేదు.”

ఆ కాగితం ఏమవుతుందో మాత్రం ఆమెకు ఒకసారి తెలిసింది. కూతురిని ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి పరీక్షకు కట్టిద్దామని పోయినేడు వెళ్ళింది. ఫైల్లో బుద్ధిమాంద్యం అని ఉందని అక్కడివాళ్ళు తిప్పి పంపేశారు. ఇది ఆమె నాకు కోపంగా కూడా చెప్పలేదు. చేప వేగిందో లేదో చూస్తూ చెప్పింది.

నేను అడిగాను. ఎర్రబిళ్ళ చూపించి ఏ రంగు అంటే స్వరూప నలుపు అంది. ఆవు బొమ్మ చూపిస్తే గొడుగంది. గొడుగు చూపిస్తే తాళంచెవంది. పదిహేను ప్రశ్నలు, పదిహేనూ తప్పు. నేను తలవంచుకుని గళ్ళు నింపాను. చివరి గడిలో, పైన అయిదుగురు రాసిన మాటే నా చేత్తో రాశాను. ఇంకొక ఇల్లు కూడా చూసుకుని బస్సెక్కాను.

తిరుగు బస్సులో, మర్నాడు

బస్సు అల్వాల్ చేరేదాకా నా మనసులో ఏదో గుచ్చుకుంటూనే ఉంది. ఏమిటో పోల్చుకోలేకపోయాను. మచ్చబొల్లారంలో దిగుతుంటే తట్టింది. ఆ పిల్లకు నిజంగా ఏమీ తెలియకపోతే, పదిహేనింటిలో ఒకటో రెండో గుడ్డిగానైనా ఒప్పు కావాలి. ఒక్కటీ కాలేదు. అన్నీ తప్పు చెప్పాలంటే అన్నీ తెలియాలి.

మర్నాడు రంగు బిళ్ళల సంచీ పిన్ని ఇంట్లోనే వదిలేసి వెళ్ళాను. స్వరూప పక్కన నేల మీద కూర్చోవడానికి క్యాలిపర్‌తో కొంచెం తతంగం ఉంది. ఆమె దాన్నంతా కళ్ళార్పకుండా చూసింది. నేను అనుకున్నది చెప్పాను.

స్వరూప నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ముందు భుజాల్లో పుట్టి, మెడ మీదికి వచ్చి, గోడకు తల కొట్టుకునేదాకా పోయింది. నర్సమ్మ గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. కూతురికి ఏమైందో అని కాదు, నేనేం చేశానో అని.

నవ్వాగాక స్వరూప మాట్లాడింది. ఒక్కొక్క మాటకూ నేను ఆగాల్సి వచ్చింది. మాట నేను అందించబోతే చెయ్యి విసిరి వద్దంది. ఆమె చెప్పింది మొత్తం కలిపితే ఇది:

“మొదటాయనకు సక్కగనే చెప్పిన. నా మాట సమజ్ కాలే. తప్పని రాసిండు. రెండో ఆమెకు గూడ చెప్పిన. గట్లనే రాసింది. ఎట్ల జెప్పినా తప్పే రాస్తున్రు. ఇగ తప్పే చెప్పిన.”

 నర్సమ్మ గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. కూతురు అలా చేస్తోందని ఆమెకూ తెలియదు.

ఆ పూటంతా అక్కడే ఉన్నాను. స్వరూప పని చేపలు చుట్టే పాత పేపర్లు చించడం. పళ్ళతో ఒక కొస పట్టుకుని చేత్తో లాగుతుంది, వంకరటింకరగా వస్తుంది. చించే ముందు ప్రతి కాగితమూ చదువుతుంది. బళ్ళోకి రానివ్వకపోతే, తమ్ముడి వాచకం పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకుంది. తర్వాతంతా పేపర్లే. అందుకే లోకంలో జరిగేవన్నీ ఆమెకు రెండు నెలలు ఆలస్యంగా తెలుస్తాయి. రాజీనామా చేసి వెళ్ళిపోయిన మంత్రి ఒకడు ఆమె లెక్కలో ఇంకా మంత్రిగానే ఉన్నాడు. ఆ సంగతి నేను చెబితే ఆశ్చర్యపోలేదు. ఎప్పుడో పోవాల్సినవాడే అంది.

మధ్యాహ్నం రోడ్డు దాటి ఎస్టీడీ బూత్ నుంచి రాఘవరావు గారికి ఫోన్ చేశాను. విషయం చెప్పాను. ఆయన నిదానంగా విని, అయిదు బ్యాచ్‌లు చూసినదాన్ని రెండు రోజుల్లో తప్పంటే ఎలా అన్నారు. పాత మాట అలాగే ఉంచి, నా అనుమానం కాగితం అడుగున రాయమన్నారు. ఫైళ్ళన్నీ ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటే బయటి పరీక్షకుల ముందు కేంద్రం పరువు ఏమవుతుందో ఆలోచించమన్నారు. ఇంకా ఇళ్ళు మిగిలి ఉన్నాయి కదా, వాటి సంగతి చూసుకోమని కూడా గుర్తుచేశారు.

 ఫోన్ పెట్టేసి, తిరిగొచ్చి, సంచీలోంచి ఫైలు తీసి, ముందురోజు నేను రాసిన మాటను స్వరూప చూస్తుండగా కొట్టేశాను. ఆరో మనిషిని నేనే కాబోయానని ఆమెకు చెప్పాను. చెప్పడం తేలిక కాలేదు. ఎల్లుండి సుచిత్రకు వస్తావా అని అడిగాను.

 స్వరూప షరతు పెట్టింది.

“నువ్వు మాట్లాడొద్దు. నేనే మాట్లాడుత.”

మిగిలిన ఒక్క రోజూ వాళ్ళతోనే గడిపాను. ఆమె చదువుతుంటే నేను పక్కన కూర్చుని ఆమె మాటకు చెవిని అలవాటు చేసుకున్నాను. మొదటి రోజు నాకు సగం చప్పుడుగా వినిపించినదే మూడో రోజుకు తెలుగుగా వినిపించింది. మారింది ఆమె కాదు. నా చీటీలోని మిగతా రెండు ఇళ్ళు అలాగే ఉండిపోయాయి. మొత్తం పది.

మళ్ళీ సుచిత్ర

ఏడో రోజు పొద్దున నర్సమ్మ బండి మూసేసింది. పెళ్ళికి పోయినట్టు ఇద్దరూ కొత్త చీరలు కట్టుకున్నారు. నర్సమ్మ కూతురిని చంకనెత్తుకుని ఆటో ఎక్కించింది. అల్వాల్ దగ్గర ఒక ఆటో మారి సుచిత్ర చేరాం. వికలాంగులకు సేవ చేసేవాళ్ళను తయారుచేసే ఆ కేంద్రానికి ఆరు మెట్లున్నాయి, పట్టుకోవడానికి ఏమీ లేదు. నా తోటి విద్యార్థులిద్దరు స్వరూపను ఎత్తుకోవడానికి పరుగెత్తుకొచ్చారు. ఆమె వద్దంది. మెట్టు మీద వెనక్కి తిరిగి కూర్చుని, చేతులు ఆనించి, ఒక్కొక్క మెట్టే ఎక్కింది. కొత్త చీర దుమ్ము కొట్టుకుపోయింది. నేను నా కర్రతో పక్కనే ఎక్కాను. మా వెనక నర్సమ్మ రెండు జతల చెప్పులూ పట్టుకుని వచ్చింది.

హాల్లో బయటి పరీక్షకురాలు, నెరిసిన జుట్టు ఆవిడ, మధ్యలో కూర్చున్నారు. రాఘవరావు గారు మమ్మల్ని చూసి లేచారు. అనుమతి లేకుండా కేసును తీసుకురాకూడదని నాతో మెల్లగా అన్నారు. నర్సమ్మకు వినపడింది.

“కేసేంది సారూ? కేసుండేటిది పోలీస్‌టేషన్ల. గిది నా బిడ్డ.”

ఆయన పక్కకు జరిగి దారిచ్చారు. నా వంతు వచ్చినప్పుడు, స్వరూప గారే చెబుతారని ఒక్క వాక్యం చెప్పి పక్కకు తప్పుకున్నాను. పరీక్షకురాలు తలూపారు.

స్వరూప ఫైలు అడిగింది. మా కేంద్రం ఫైళ్ళు తెలుగులోనే ఉంటాయి, కుటుంబాలు చదువుకోవాలని. ఏ కుటుంబానికైనా చూపించగా నేను చూడలేదు. కాగితం బల్ల మీద పెడితే చెయ్యి తగిలి జారిపోతోందని నేల మీద పరిచాను. ఆమె దాని మీదికి వంగి చదవడం మొదలుపెట్టింది. ‘తీవ్ర’ అనే రెండక్షరాలకే అర నిమిషం పట్టింది. హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరో మాట అందించబోయారు. పరీక్షకురాలు చెయ్యెత్తి ఆపారు.  నోరు తెరవకుండా ఉండటం ఆ వారం మొత్తంలో నేను చేసిన అన్నిటికన్నా కష్టమైన పని.

తీవ్ర బుద్ధిమాంద్యం, అని పూర్తిచేసింది. ఊపిరి తీసుకుని కింది వాక్యానికి పోయింది. చదవడం, రాయడం నేర్చుకునే అవకాశం లేదు. అదీ చదివింది, చివరి అక్షరం దాకా. తర్వాత తలెత్తి అందరినీ చూసింది.

“గిది ఎవలు రాసిన్రు?”

అయిదు సంతకాలున్నాయి. వాటిలో ఒకటి, ఇప్పుడు అదే కేంద్రంలో ఉద్యోగం చేస్తూ గోడ పక్కన నిలబడి ఉన్న అతనిది. అతను నేల చూపులు చూశాడు. ఆరోది నేను రాసి కొట్టేశానని నేను ఒప్పుకున్నాను. రాఘవరావు గారు పరీక్ష పద్ధతి గురించి ఏదో వివరించబోతే పరీక్షకురాలు ఆయన్ని కూర్చోమన్నారు. తను లేచి వచ్చి, నేల మీద స్వరూప ఎదురుగా కూర్చుని, ముప్పావు గంట మాట్లాడారు. మమ్మల్నెవరినీ అర్థం అడగలేదు. అర్థం కానప్పుడల్లా స్వరూపనే మళ్ళీ చెప్పమన్నారు. లేచేముందు ఆ ఫైలు మీద, ఇది చెల్లదు, మళ్ళీ పరీక్షించాలి అని రాసి సంతకం పెట్టారు.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. కొత్త సర్టిఫికెట్ రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఓపెన్ స్కూలువాళ్ళు చేర్చుకున్నారు. తను చెబుతుంటే వేరొకరు రాసే పద్ధతిలో స్వరూప పదో తరగతి రాసింది. లెక్కల్లో ఒకసారి తప్పి, రెండోసారి గట్టెక్కింది. పన్నెండుకు పది ఇళ్ళే చేశానని, చెప్పకుండా మనిషిని తీసుకొచ్చానని రాఘవరావు గారు నాకు మార్కులు కోశారు. అసంపూర్తి అని మాత్రం రాయలేదు. రెండో శ్రేణిలో డిగ్రీ వచ్చింది. ఆ రెండో శ్రేణి అన్న మాటను నేనెక్కడా దాచుకోను.

ఆ రోజు మాత్రం ఇంకా అయిపోలేదు. పరీక్షకురాలు, ఇక ఇంటికి వెళ్ళొచ్చమ్మా అంటే స్వరూప కదలనంది. మిగతావాళ్ళు ఎవరెవరి గురించి ఏమేం చెబుతారో వింటానంది.  రాఘవరావు గారే వెళ్ళి నర్సమ్మకు కుర్చీ తెచ్చి వేశారు. స్వరూప ముందు వరసలో, నేల మీదే, గోడకు ఆనుకుని కూర్చుంది.

నా తర్వాత ఆరుగురు మాట్లాడాలి. మొదటి అమ్మాయి కాగితం తీసి ‘కేసు నంబరు’ అని మొదలుపెట్టి, ముందు వరసకేసి చూసి, ఆగి, మనిషి పేరు చెప్పింది. రెండో అతను కూడా పేరే చెప్పాడు. గొంతులు తగ్గాయి. మాటలు నెమ్మదించాయి. రాసుకొచ్చిన వాక్యాలు కొన్ని చదవకుండానే దాటేస్తున్నారని వింటున్న నాకు తెలుస్తూనే ఉంది.

ఆఖరున ప్రసాద్ అనే విద్యార్థి లేచాడు. చదువులో మా అందరికన్నా ముందుండేవాడు. కొంపల్లిలో తను చూసిన ఇరవై ఏళ్ళ అబ్బాయి గురించి చక్కగా చెప్పుకుంటూ వచ్చాడు. తెలివి ఎంత, మానసిక వయసు ఎంత అన్న చోటికి వచ్చి ఆగిపోయాడు. కాగితం చూశాడు. స్వరూపను చూశాడు. స్వరూప అతన్నే చూస్తోంది. ప్రసాద్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“నాకు తెలియదు మేడమ్,” అన్నాడు పరీక్షకురాలితో. “ఆ అబ్బాయిని నేను అడగలేదు. వాళ్ళమ్మనే అడిగాను.”

పరీక్షకురాలు ఏదో అనబోయారు. అంతలో ముందు వరసలో స్వరూప భుజాలు కదిలాయి. మాట వస్తోందని అందరికీ తెలిసింది. అది వచ్చేదాకా హాలంతా ఆగింది.

“పోయి అడుగున్రి,” అంది.